కొండలో చిరుత లేదన్నారు

ఆఫ్రికా నుంచి విమానాల్లో చీతాలు మన దేశానికి వచ్చిన మరుసటి ఎండాకాలం మా అన్న చిరుతను చూశాడు.

నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఆ ఏడాదంతా పిల్లలకు పాఠాల కంటే చీతాల మీదే మనసు. "మేడం, చీతా అంటే చిరుతే కదా?" అని తొమ్మిదో తరగతి పిల్లలు అడిగితే, కాదని చెప్పడానికి ఒక పీరియడంతా పట్టింది. టీవీ వాళ్లకే ఆ తేడా తెలియదు, పిల్లలను ఏమనగలం? చీతా ముఖం మీద కళ్ల నుంచి నోటిదాకా కన్నీళ్లు కారినట్టు నల్లచారలుంటాయనీ, చిరుత ఒంటి మీద మచ్చలు గుత్తులు గుత్తులుగా పువ్వుల్లా ఉంటాయనీ బోర్డు మీద గీసి చూపించాను.

మరుసటి రోజు ప్రపంచ పటం తెచ్చి గోడకు తగిలించాను. సింహం అనగానే క్లాసంతా ఆఫ్రికా అని అరిచింది. గుజరాత్‌లో గిర్ అడవి ఉంది కదా అని ఒక అమ్మాయి గుర్తు చేసింది. పులి మన దగ్గరే కాదు, రష్యా తూర్పు కొసన మంచులోనూ, సుమత్రా దీవి వానల్లోనూ బతుకుతుందంటే వాళ్లు నోరు తెరిచారు. అమెజాన్ నదిలో ఈదుతూ మొసళ్లను పట్టే జాగ్వార్, హిమాలయాల్లో రాళ్ల రంగులో కలిసిపోయే మంచు చిరుత, కెనడా నుంచి చిలీ కొసదాకా కొండల వెంట తిరిగే ప్యూమా, అన్నీ చెప్పాను. ఎడారి పక్కనా, అడవిలోనూ, కొండల్లోనూ, చివరికి బొంబాయి లాంటి నగరం పెరట్లోనూ బతకగలిగేది మాత్రం చిరుత ఒక్కటేనని చెప్పాను. "మన జిల్లాలో ఉండాయా మేడం?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. నల్లమలలో ఉన్నాయి, పాలకొండల్లో ఉన్నాయి, ఇటుపక్క గుట్టల్లోనూ ఉండొచ్చు అన్నాను. పులివెందుల పేరులోనే పులి ఉంది కదా అంటే అందరూ నవ్వారు.

మాది గొర్రెల కుటుంబం. జమ్మలమడుగు దగ్గర, గండికోట కొండలు కనిపించే పల్లె. నాయన పోయాక మందను అన్న తీసుకున్నాడు. అప్పటికి అన్న బడి మానేసి చాలా ఏళ్లయింది. నన్ను మాత్రం మాననివ్వలేదు. జమ్మలమడుగులో హాస్టల్లో చేర్పించి, నెలకోసారి కంబళి భుజాన వేసుకొని వచ్చి, గేటు బయటే నిలబడి చూసి పోయేవాడు. నా చదువు, ఉద్యోగం, ఈరోజు నేను కట్టుకునే ఇస్త్రీ చీర, అన్నీ ఆ మంద వెనక అన్న నడిచిన నడకలోంచి వచ్చినవే.

ఎండలు ముదిరితే మా కొండల్లో మేత ఉండదు. అన్న, వదిన మందను తోలుకొని పులివెందుల పక్క చీనీ, అంటే బత్తాయి, తోటలకు పోతారు. అక్కడి రైతులు ఎరువు కోసం తమ పొలాల్లో మంద కట్టించుకుంటారు. పగలు పక్క గుట్టల్లో మేపి, పొద్దు వాలాక పొలంలో వల చుట్టి గొర్రెలను అందులో ఉంచుతారు. అన్న ఏటా పోయేది ఒకే ఆసామి తోటకు. గుట్ట కింద పెద్ద తోట ఆయనది. మనిషి మర్యాదగానే మాట్లాడేవాడు. ఒకసారి మా వదినకు జ్వరమొస్తే తన కారులోనే ఆసుపత్రికి పంపించాడు.

ఆ మార్చిలో ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే అన్న ఫోన్ చేశాడు.

"పాపా, పులి పట్టకపాయ గొర్రెను."

"పులా? ఏం పులి?"

"సిరతపులి. వంక కాడ నీళ్లు తాపుతాండా. కంపల్లోంచి వచ్చె. కండ్లు మూసి తెరిసేలోపల గొంతు పట్టుకొని ఈడ్చుకపాయ. మన కుక్క ఎంటబడి పాయ. కుక్క మళ్లా రాలా."

అన్న గొంతులో భయం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. ముప్పై ఏళ్లు గుట్టల్లో తిరిగిన మనిషి. తోడేళ్లను చూశాడు, నక్కలను చూశాడు, కొండచిలువను చూశాడు. దీన్ని ఎప్పుడూ చూడలేదు.

మరుసటి రోజు గుట్ట పైన బండల సందులో గొర్రెలో మిగిలింది దొరికింది. తల, మెడ ఒక గోనెసంచిలో వేసుకున్నాడు. నేను సెలవు పెట్టి, వీరపునాయునిపల్లె మీదుగా బస్సులు మారి వెళ్లాను. ఇద్దరం కలిసి అటవీశాఖ ఆఫీసుకు పోయాం. అది ఏ ఊరి ఆఫీసో చెప్పను. ఆ గదిలో కూర్చున్న అధికారి కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. ఆయన వెనక గోడ మీద జిల్లా పటం ఉంది, అడవులకు పచ్చరంగు వేసి.

అన్న చెప్పిందంతా విని, "ఇక్కడ చిరుతలు లేవయ్యా" అన్నాడు. "మా సర్వేలో రాలేదు. ఊరకుక్కలై ఉంటాయి."

"సార్, ఒగసారి ఇది సూడండి. గొంతు కాడ పండ్లు దిగిండాయి" అని అన్న సంచి మూతి విప్పబోయాడు.

ఆయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ముందు అది బయట పెట్టు. ఆఫీసనుకున్నావా, మాంసం కొట్టనుకున్నావా?"

పక్క బల్ల దగ్గరున్నవాళ్లు నవ్వారు. అన్న సంచి మూతి మళ్లీ కట్టుకున్నాడు. సంచిని కాళ్ల దగ్గరికి లాక్కున్నాడు.

"సార్, చిరుతలు ఎక్కడైనా బతుకుతాయి. కనీసం ఒక కెమెరా పెట్టి చూడండి" అన్నాను నేను.

"మీరేం చేస్తారమ్మా?"

"టీచర్‌ని. సోషల్ చెప్తాను."

"అయితే సోషల్ చెప్పుకోండి. కెమెరాలు నల్లమల పులులకే చాలడం లేదు. మీ వైపు కుక్కను కూడా పులి అంటారేమో నాకు తెలియదు." మళ్లీ నవ్వులు.

అన్న నాకంటే ముందు బస్టాండుకు నడిచాడు. బస్టాండు వెనక ఖాళీ స్థలంలో రాయితో గుంత తవ్వి సంచిని పూడ్చాడు. చేతులు దులుపుకుంటూ, "కుక్కకూ పులికీ తేడా తెల్వనోన్నా పాపా నేను?" అని అడిగాడు. ఆ పచ్చరంగు పటం ముందు మా అన్న కళ్లకు విలువ లేదు, అంతే.

ఆ తర్వాత మరో గొర్రె పోయింది. ఈసారి అన్న ఫోన్లో వీడియో తీశాడు. గుట్ట అంచున ఏదో పసుపురంగు కదిలి బండ వెనక్కి పోయింది, అంతకు మించి ఏమీ కనిపించదు. తోటలో పనికొచ్చిన కుర్రాళ్లు దాన్ని తమ ఫోన్లలోకి పంపించుకున్నారు. మూడో రోజుకల్లా ఆ వీడియోకు ముందొక ముక్క, వెనకొక ముక్క అతికించి ఎవరో తిప్పారు. అతికించిన ముక్కల్లో ఉన్నది ఆఫ్రికా చిరుత. చెట్టు కొమ్మ మీద జింకను వేలాడదీసుకొని కూర్చుంది. ఒక లోకల్ చానల్ దాన్ని "పులివెందులలో చీతా" అని వేసింది.

అది చూడగానే నేను తల పట్టుకున్నాను. ఆ చెట్టు మన నేల మీద మొలిచే చెట్టు కాదు. నేను భయపడ్డట్టే, అదంతా బూటకమని అటవీశాఖ వాళ్లు సాయంత్రానికే ప్రకటన ఇచ్చారు. పోలీసులు అన్నను స్టేషన్‌కు పిలిపించారు. వదంతులు పుట్టించి జనాన్ని భయపెడుతున్నావని ఒక పూటంతా బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంకోసారి పులి అన్నావంటే లోపలేస్తామని చెప్పి పంపారు. మా పల్లెలోనూ తెలిసిపోయింది. వదిన రేషన్ కోసం ఊరికి వస్తే, "ఏమ్మా, మీ ఇంటాయన ఇంగా పులిని సాకుతాండాడా?" అని అడిగారట. వదిన ఆ మాట నాకు ఫోన్లో చెప్పి ఏడ్చింది.

తోట ఆసామి కూడా చిరాకు పడ్డాడు. "ఏందప్పా నీ పులిగోల? కూలోళ్లు తోటలోకి రామంటాండారు. ఉంటే ఉండు, ల్యాకపోతే మందను తోలకపో" అన్నాడట. ఆయనకున్న బెంగ వేరే. అడవి పందులు గుట్ట దిగి తోటలో బిందుసేద్యం పైపులు పెరికేస్తున్నాయి. వాటి కోసం తన మనుషులతో కంచె వెంబడి ఉచ్చులు పెట్టించాడు, మోటారుసైకిలు బ్రేకు తీగలతో. ఆ సంగతి తోటలో అందరికీ తెలుసు. అన్న తన గొర్రెలను అటుపక్క పోనివ్వకుండా చూసుకునేవాడు.

మే నెలలో, మాకు బడి సెలవులు. ఒక పొద్దున అన్న ఫోన్ చేసి, "పాపా, బిన్నె రా, ఎట్లుండావో అట్లే రా. ఉచ్చులో పడింది" అన్నాడు. ఏం పడిందని నేను అడగలేదు.

నేను చేరేసరికి తోట చుట్టూ జాతర. బండ్లు, ఆటోలు, ఐసు అమ్మేవాడు. కంచె దగ్గర జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను. నేను పటాల్లో, బొమ్మల్లో, టీవీలో చూసి పిల్లలకు చెప్పిన జంతువును నా కళ్లతో మొదటిసారి చూసింది ఆ రోజే. తీగ నడుముకు బిగుసుకుంది. ఆ చోట చర్మం కోసుకుపోయి ఎర్రగా ఉంది. అందినంత మేర మట్టిని గోళ్లతో గుండ్రంగా తవ్వేసింది. అనుకున్నంత పెద్దది కాదు. మా ఊరి పెద్ద పొట్టేలంత ఉంటుందేమో. నోరు తెరిచి రొప్పుతోంది. అరిచే ఓపిక ఎప్పుడో అయిపోయింది. పొట్ట కింద చన్నులు పాలతో ఉబ్బి ఉన్నాయి. పిల్లలున్న తల్లి.

కుర్రాళ్లు వెనక్కి తిరిగి సెల్ఫీలు తీసుకుంటున్నారు. అది తల ఎత్తడం లేదని ఒకడు మట్టిపెళ్ల విసిరాడు. తల ఎత్తగానే అందరూ కేక పెట్టి వెనక్కి దూకి, మళ్లీ దగ్గరికి జరిగారు.

మా అన్న ఆ జనం మధ్యలో నిలబడి అరుస్తున్నాడు. "సూడండప్పా, సూడండి! నేను అబద్ధం చెప్పినానా? కుక్క అంటిరే, ఇది కుక్కనా? నన్ను స్టేషన్లో కూకోబెడ్తిరే, ఇప్పుడు చెప్పండి!" కళ్లనీళ్లు కారుతున్నాయి. అది కోపమో సంతోషమో నాకు అర్థం కాలేదు. రెండూ కావచ్చు. రెండు నెలలుగా అబద్ధాలకోరని పేరు మోసిన మనిషి. ఆయన అబద్ధమాడలేదని ఇప్పుడు ఊరంతా చూస్తోంది. ఆ సాక్ష్యం తీగలో చిక్కి చచ్చిపోతోంది.

నేను చెయ్యి పట్టి లాగితే గానీ అన్న ఆగలేదు. అప్పుడు తిరిగి దాన్ని చూశాడు. తర్వాత జనాన్ని వెనక్కి జరగమని బతిమాలడం మొదలుపెట్టాడు. "ఎండలో ఉండాది, గాలాడనీండప్పా." ఎవరూ వినలేదు. పొడవాటి కర్రకు డబ్బా కట్టి నీళ్లు దాని ముందుకు జరిపాడు. అది తాగలేదు.

మత్తుమందు ఇచ్చే డాక్టరు ఎక్కడో దూరం నుంచి రావాలని అటవీశాఖ వాళ్లు ఫోన్లో చెప్పారట. వాళ్ల జీపులు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి అది కదలడం మానేసింది. మొదటి జీపులోంచి దిగింది, ఇక్కడ చిరుతలు లేవని మాకు చెప్పిన అధికారే. టోపీ తీసి తుడుచుకొని, పెద్ద నేరం జరిగిందనీ, అరుదైన వన్యప్రాణి అనీ, బాధ్యులను వదలబోమనీ టీవీ కుర్రాడికి చెప్పాడు. లేని జంతువు ఒక్క పూటలో అరుదైన జంతువైంది.

ఉచ్చు ఎవరు పెట్టారని విచారణ మొదలైంది. తోట ఆసామి ఏ తడబాటూ లేకుండా చెప్పాడు. "నాకేం తెల్సు సార్? గొర్రెలోళ్లు మందలు కాపాడుకోడానికి పెట్టింటారు. వాళ్లకే కదా నష్టం."

నేను గట్టిగానే అన్నాను. "అబద్ధం సార్. పందుల కోసం వాళ్ల మనుషులే పెట్టారు. తోటలో పనిచేసేవాళ్లను అడగండి." అధికారి అడిగాడు. పనిచేసేవాళ్లు ఆసామి ముఖం చూసి, తర్వాత నేల చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్లను తప్పుపట్టలేను. రేపు కూలి ఇచ్చేది ఆయనే.

అధికారి అన్న వైపు తిరిగాడు. "మా ఆఫీసుకొచ్చి పులి గొర్రెల్ని తింటోందని అరిచింది నువ్వే కదా? వీడియోలు తిప్పింది నువ్వే కదా? దాని మీద పగ ఇంకెవరికుంటుంది?" వల పక్కన నిలబెట్టిన అన్న పాత మోపెడ్ చూసి, "తీగలు కూడా నీ దగ్గరే ఉంటాయి" అన్నాడు.

"సార్, నేను చెప్తే మీరు నమ్మల్యా కదా సార్" అన్నాడు అన్న. వదిన కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. చచ్చిన చిరుతను ఒక జీపులో, మా అన్నను ఇంకో జీపులో ఎక్కించి తీసుకుపోయారు.

మరుసటి రోజు పేపర్లో "చిరుతను చంపిన గొర్రెల కాపరి" అని వచ్చింది. అన్న ఫొటో, చిరుత ఫొటో పక్కపక్కనే వేశారు. ఆ వారంలోనే ఆ గుట్టల్లో చిరుతలు సంచరిస్తున్నాయనీ, ప్రజలు జాగ్రత్తగా ఉండాలనీ బోర్డులు పెట్టారు. చచ్చిన చిరుత పిల్లల కోసం వెతికామన్నారు, దొరకలేదన్నారు. ఎంత వెతికారో నాకు తెలియదు.

బెయిలు వచ్చేసరికి వానాకాలం వచ్చింది. ఆలోపు వదిన ఒక్కతే అంత మందను మేపలేకపోయింది. రోగం తగిలి కొన్ని పోయాయి, మిగిలినవి సంతలో అమ్మేసింది. అన్న ఇంటికొచ్చి ఖాళీ దొడ్డి చూసి, కొట్టంలోకి పోయాడు. అక్కడ వలలు చుట్టలుగా చుట్టి ఉన్నాయి. వాటి మీదే పడుకొని ఆ పగలంతా నిద్రపోయాడు. ఇప్పుడు కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద కూలి పని చేస్తున్నాడు. పొద్దున ఎక్కిన దుమ్ము సాయంత్రం దాకా కనురెప్పల మీదే ఉంటుంది. గుట్టల్లో పుట్టి పెరిగిన మనిషికి రేకుల షెడ్డులో నిద్ర పట్టదట. ఆ మాట అన్న చెప్పలేదు, వదిన చెప్పింది.

జూన్‌లో బడి తెరిచినప్పుడు కరస్పాండెంట్ నన్ను గదికి పిలిచాడు. "మీ అన్న సంగతి పేపర్లో చూసినాం మేడం. పేరెంట్స్ అడుగుతాండారు. మీరు ఆ జంతువుల పాఠాలు కొన్నాళ్లు పక్కన పెట్టండి" అన్నాడు. పక్కన పెట్టాను. పరీక్షకు వచ్చేది కూడా కాదు కదా అని ఆయనే ఓదార్చాడు.

కేసు ఇంకా నడుస్తోంది. పోయిన నెల పులివెందుల కోర్టుకు వాయిదాకు పోయాం. ఆ రోజు సాక్షి తోట ఆసామే. తెల్ల చొక్కా వేసుకొని వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. అన్నను చూడగానే పాత చుట్టాన్ని పలకరించినట్టు పలకరించాడు.

"ఏమప్పా, బాగుండావా? ఈ తూరి మందను యాడ కడ్తాండావు?"

"మంద లేదప్పా. అమ్మేస్తిమి" అన్నాడు అన్న, చేతులు కట్టుకొని.

"అయ్యో! ఎందుకు అమ్ముకుంటిరి? శానా మంచి మంద కదప్పా అది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎందుకో మీకు తెలియదా? ఉచ్చులు మీరు పెట్టించి, జైలుకు మా అన్నను పంపించి, ఇప్పుడు మంద ఏమైందని అడుగుతున్నారా? మనిషి పుట్టుక పుట్టలేదా మీరు?" అన్నాను. వరండాలో అందరూ తిరిగి చూశారు. ఆయన ముఖం ఒక్క క్షణం బిగిసి, మళ్లీ మామూలైంది. "సదువుకున్నోళ్లకు నోరెక్కువ" అని పక్కవాడితో అన్నాడు.

అన్న నా చెయ్యి పట్టుకొని మెట్ల కిందికి లాక్కొచ్చాడు. అన్న నా మీద కోప్పడడం ఊహ తెలిశాక అదే మొదలు.

"నీకు బుద్ధుండాదా పాపా? లోపలికి పొయ్యి ఆయప్ప ఒక మాట అటు చెప్తే నేను మళ్లా లోపలికే కదా పొయ్యేది. లాయరు ఎన్నితూర్లు చెప్పినాడు, ఆయప్పతో మంచిగా ఉండండని!"

"అబద్ధం చెప్పేవాడితో మంచిగా ఎలా ఉండాలి అన్నా?"

"నిజం చెప్పి నేనేం బాగుపడితిని?"

అన్న గొంతు తగ్గించాడు. "పొయ్యి ఒక మంచి మాట మాట్లాడి రా పాపా. నా కోసం."

నేను మెట్లెక్కి పోయాను. ఆసామి ఫోన్ చూసుకుంటున్నాడు. ఆయన తల ఎత్తేదాకా నిలబడ్డాను. "ఏమీ అనుకోకండన్నా. ఎండలో వచ్చి తల తిరిగి ఏదో అనేశాను" అన్నాను.

"పర్వాల్యాలేమ్మా, ఆడబిడ్డవి" అన్నాడాయన, పెద్దమనసుతో.

ఆ రోజు జడ్జి సెలవులో ఉన్నారని మధ్యాహ్నం తెలిసింది. వాయిదా పడింది. అన్న కలమల్ల పోవాలి, నేను ప్రొద్దుటూరు పోవాలి. ఎర్రగుంట్ల దాకా ఒకే బస్సు. కిటికీ పక్క సీటు నాకు వదిలేసి, అన్న దారంతా కళ్లు మూసుకొని కూర్చున్నాడు.